కోర్సుకి కూడా ఈసీ తీయించు తమ్ముడూ: కెనడా కాలేజీలో బిజినెస్, రియల్ ఎస్టేట్, సోషల్ సైన్సెస్

"అక్కా, మాది నరసరావుపేట. బీకాం కంప్యూటర్స్ అయిపోయింది. నాన్న ప్లాట్ల వ్యాపారం చేస్తారు. కెనడాలో రెండేళ్ల బిజినెస్ డిప్లొమా చేసి రియల్ ఎస్టేట్ లైసెన్స్ తీసుకుంటే మూడేళ్ల వర్క్ పర్మిట్, ఆ తర్వాత పీఆర్ (శాశ్వత నివాసం) గ్యారంటీ అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్తున్నారు. చెల్లి ఇంటర్ హెచ్‌ఈసీ. తనూ అక్కడే సైకాలజీ గానీ సోషియాలజీ గానీ చదువుతానంటోంది. ఇద్దరి కోసం నాన్న రోడ్డు పక్క స్థలం అమ్మేస్తానంటున్నారు. వెళ్లొచ్చా?" ఇదీ తమ్ముడు అడిగింది.

నాది ఖమ్మం. 2015 జనవరిలో రెండేళ్ల బిజినెస్ డిప్లొమా మీద ఒంటారియో వచ్చాను. డిప్లొమా, మూడేళ్ల వర్క్ పర్మిట్, పీఆర్, రియల్ ఎస్టేట్ లైసెన్స్, ఇప్పుడు మిసిసాగాలో కాండో మేనేజర్‌గా ఉద్యోగం. మీ కన్సల్టెన్సీ గీసిన గీత మీదే దాదాపు నడిచాను. అయినా చెప్తున్నాను, అదే దారిలో నువ్వు బయల్దేరితే మధ్యలో ఆగిపోతావు. వాళ్లు చెప్పేది ఒకప్పటి నిజమే. పాత రేటు కార్డు పట్టుకుని ఇప్పుడు సరుకు అమ్ముతున్నారు.

ముందు వర్క్ పర్మిట్ సంగతి. చదువు అయ్యాక ఇచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్‌ని పీజీడబ్ల్యూపీ అంటారు. 2024 నవంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ స్టడీ పర్మిట్‌కి అప్లై చేసినవాళ్లు కాలేజీలో డిప్లొమానో, సర్టిఫికెట్టో చేస్తే, ఆ కోర్సు ప్రభుత్వం ప్రకటించిన రంగాల్లో ఉండాలి. వ్యవసాయం, వైద్యం, సైన్సు-టెక్నాలజీ, ప్లంబింగ్-ఎలక్ట్రికల్ లాంటి ట్రేడ్స్, రవాణా. 2025లో ఎడ్యుకేషన్ కలిపారు. మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, మార్కెటింగ్, హెచ్‌ఆర్, రియల్ ఎస్టేట్ డిప్లొమాలు అందులో లేవు. చేరొచ్చు, పాసవ్వొచ్చు, నల్ల గౌను వేసుకుని ఫొటో దిగి ఊరికి పంపొచ్చు. ఆ మర్నాటి నుంచి పని చేసుకోవడానికి పర్మిట్ మాత్రం ఉండదు.

మీ నాన్నగారు ప్లాట్ కొనేముందు ఏం చేస్తారో గుర్తు చేసుకో. బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ బొమ్మ చూసి అడ్వాన్సు ఇవ్వరు కదా. ఈసీ తీయిస్తారు, లింక్ డాక్యుమెంట్లు అడుగుతారు, లేఅవుట్‌కి అప్రూవల్ ఉందో లేదో కనుక్కుంటారు. కోర్సుకీ అలాంటిది ఒకటుంది, దాని పేరు సీఐపీ కోడ్. ఆరంకెల నంబరు. బ్రోచర్‌లో కోర్సు పేరు ఎంత అందంగానైనా పెట్టుకోవచ్చు, ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) వాళ్ల జాబితా మాత్రం ఈ కోడ్‌ల వారీగానే ఉంటుంది. అనలిటిక్స్ అని పేరున్న రెండు కోర్సులకి రెండు వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. ఈ కోడ్ కన్సల్టెన్సీని అడగొద్దు. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి నువ్వే మెయిల్ పెట్టు, జవాబు రాతలో తీసుకో. జాబితా మధ్యమధ్యలో మారుస్తుంటారు కాబట్టి ఫీజు కట్టే రోజున ఇంకోసారి సరిచూసుకో.

ఇంకో మెలిక. పెద్ద ప్రభుత్వ కాలేజీ పేరు చెప్పి, పాఠాలు మాత్రం వేరే ప్రైవేటు సంస్థ భవనంలో చెప్పించే ఒప్పందాలు ఒంటారియోలో చాలా ఉండేవి. అలాంటి వాటిలో 2024 మే 15 నుంచి చేరినవాళ్లకి పీజీడబ్ల్యూపీ లేదు. హైవే ఫేసింగ్ అని పేపర్లో వేసి, తీరా తీసుకెళ్లి వాగు పక్కన ప్లాట్ చూపించినట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

వీసా కూడా మునుపటంత తేలిక కాదు. 2024 జనవరిలో విద్యార్థుల సంఖ్యకి పరిమితి పెట్టారు. 2026కి కొత్తగా వచ్చే విద్యార్థుల సంఖ్య 1,55,000 దగ్గర ఆపాలని లెక్క వేసుకున్నారు. కాలేజీ ఆఫర్ లెటర్‌తో పాటు ఆ ప్రావిన్స్ ఇచ్చే అటెస్టేషన్ లెటర్ కూడా కావాలి. మనవాళ్లు ఎక్కువగా వాడుకున్న, స్టడీ పర్మిట్ త్వరగా తేల్చే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబర్‌లో ఎత్తేశారు. పైగా వీసా ఆఫీసరు నీ ఫైల్ తెరవగానే అడిగే మొదటి ప్రశ్న, బీకాం పాసైనవాడు మళ్లీ కింది మెట్టు దిగి బిజినెస్ డిప్లొమా ఎందుకు చేస్తున్నాడని. దీనికి నీ దగ్గర నమ్మదగిన జవాబు లేకపోతే రిఫ్యూజల్ లెటర్‌లో ఆ వాక్యమే అచ్చయి వస్తుంది.

మరి తెరిచి ఉన్న తలుపు ఏది? డిగ్రీ. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఈ రంగాల నిబంధన లేదు. ఇంగ్లిష్ పరీక్షలో డిగ్రీ వాళ్లకి సీఎల్‌బీ (కెనడాలో భాష స్థాయి కొలిచే లెక్క) 7, కాలేజీ డిప్లొమా వాళ్లకి సీఎల్‌బీ 5 చూపిస్తే చాలు. ఇక్కడొక మాట. మనకి ఇంటర్ చదివినా కాలేజీయే, ఎంబీఏ చదివినా కాలేజీయే. ఇక్కడ కాలేజీ వేరు, యూనివర్సిటీ వేరు. కాలేజీ అంటే ముఖ్యంగా పని నేర్పే డిప్లొమాలు. అయితే హంబర్, సెనెకా, షెరిడన్ లాంటి కొన్నిట్లో నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలు కూడా ఉన్నాయి, వాటికీ 2025 నుంచి రంగాల నిబంధన తీసేశారు. నీ విషయానికొస్తే మాస్టర్స్ మేలు. ప్రభుత్వ యూనివర్సిటీలో మాస్టర్స్‌కి 2026 జనవరి నుంచి అటెస్టేషన్ లెటర్ అక్కర్లేదు. కోర్సు రెండేళ్ల లోపు ఉన్నా మూడేళ్ల వర్క్ పర్మిట్‌కి అర్హత ఉంది. చిక్కు ఎక్కడంటే చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి, నీది మూడేళ్లది. నేనైతే ఇండియాలోనే ఎంకామో ఎంబీఏనో చేసి, ఒక రెండేళ్లు ఉద్యోగం చేసి, అప్పుడు అప్లై చేయమంటాను. ఇది వినడానికి నీకు నచ్చదని తెలుసు.

ఇప్పుడు రియల్ ఎస్టేట్. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, మీ ఇంట్లో ఉన్న వ్యాపారం కాబట్టి.

లైసెన్స్ అనేది కాలేజీ డిప్లొమాలో భాగం కాదు. ప్రతి ప్రావిన్స్‌కీ దాని లైసెన్స్ దానిదే. ఒంటారియోలో రెకో అనే నియంత్రణ సంస్థ ఉంది, దాని తరఫున లైసెన్స్ కోర్సులు చెప్పే బాధ్యత 2019లో హంబర్‌కి వచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో ఆ చదువు యూబీసీ యూనివర్సిటీలోని సౌడర్ స్కూల్ చెప్తుంది, నియంత్రణ బీసీఎఫ్‌ఎస్‌ఏది. ఒంటారియోలో చాలావరకు ఆన్‌లైన్‌లో, ఉద్యోగం చేసుకుంటూ పూర్తి చేస్తారు. పరీక్ష పాసవ్వాలంటే 75 శాతం రావాలి. ఆ తర్వాత ఒక బ్రోకరేజీ కింద చేరాలి, మొదటి రెండేళ్లని ఆర్టికలింగ్ అంటారు, ఇంకా నేర్చుకునే దశ అన్నమాట. ఈ కోర్సు చూపించి స్టడీ పర్మిట్ తెచ్చుకోవడం కుదరదు. కన్సల్టెన్సీ వాళ్లు రెండూ కలిపి ప్యాకేజీలాగా చెప్పారంటే వాళ్లకి దీని సంగతే తెలియదన్నమాట.

సరే, లైసెన్స్ వచ్చిందే అనుకుందాం. సంపాదన? టొరంటో ప్రాంతపు రియల్ ఎస్టేట్ బోర్డులో సభ్యులు 70 వేల పైన ఉన్నారు. 2024లో ఆ బోర్డు ద్వారా అమ్ముడైన ఇళ్లు 67 వేల పైచిలుకు. ప్రతి అమ్మకంలో కొనే వైపు ఒకరు, అమ్మే వైపు ఒకరు ఉంటారు కాబట్టి తలా రెండు డీల్స్ కూడా రావు సగటున. అవి కూడా సమానంగా పంచుకోరు కదా, పాతుకుపోయినవాళ్లే పదీ ఇరవై చేసుకుంటారు. 2022 ఫిబ్రవరిలో సగటు ధర 13 లక్షల డాలర్లు దాటినప్పుడు మా తెలుగువాళ్లలో ఐటీ చేస్తూ లైసెన్స్ తీసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. తర్వాత బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీని 0.25 నుంచి ఏడాదిన్నర లోపే 5 శాతానికి తీసుకెళ్లింది. వాట్సాప్ గ్రూపుల్లో "జస్ట్ లిస్టెడ్" పోస్టర్లు మెల్లగా ఆగిపోయాయి. ఆ పోస్టర్లలో నావి కూడా ఉన్నాయి.

కానీ నిన్ను ముంచేది మార్కెట్ కాదు, పీఆర్ లెక్క. ఇక్కడ పనిచేసిన అనుభవంతో పీఆర్ అడిగే దారిని కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అంటారు. అందులో జీతానికి చేసిన పనే చెల్లుతుంది, సొంతంగా చేసుకునే పని చెల్లదు. ఏజెంట్లు మామూలుగా జీతగాళ్లు కారు, కమిషన్ మీద బతికే స్వయం ఉపాధి వాళ్లు. నువ్వు రెండేళ్లు తిరిగి ఇరవై ఇళ్లు అమ్మినా ఆ ఫారంలో నీ అనుభవం సున్నా. ఫుల్‌టైమ్ చదువుకుంటూ చేసిన పార్ట్‌టైమ్ పని కూడా లెక్కకి రాదు. "జాబ్ ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం, పీఆర్‌కి పాయింట్లు వస్తాయి" అని ఎవరైనా డబ్బు అడిగితే, ఆ పాయింట్లనే 2025 మార్చి 25 నుంచి తీసేశారని చెప్పి ఫోన్ పెట్టెయ్.

ఈ రంగంలోనే జీతం వచ్చే ఉద్యోగాలు వేరే ఉన్నాయి. ప్రాపర్టీ అడ్మినిస్ట్రేటర్, లీజింగ్, వాల్యుయేషన్, కాండో మేనేజ్‌మెంట్. కాండో అంటే మన గేటెడ్ కమ్యూనిటీ అపార్ట్‌మెంట్ అనుకో. అసోసియేషన్ నడిపే పనికి ఇక్కడ 2017 నవంబర్ నుంచి లైసెన్స్ తప్పనిసరి చేశారు, దానికి సీఎంఆర్‌ఏఓ అని ప్రత్యేక సంస్థ ఉంది. నేను చివరికి తేలింది అక్కడే. లిఫ్ట్ ఆగిపోయిందని రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది, కానీ నెలాఖరుకి జీతం పడుతుంది.

అమ్మకాల్లో ఉన్న రోజుల్లో ఒక సంగతి. 2021లో ఒక తెలుగు జంటకి మిసిసాగాలో 19వ అంతస్తు యూనిట్ చూపించాను. బాల్కనీ లోంచి సరస్సు కనిపిస్తుంది. ఆయన అప్పటికే సోఫా ఎక్కడ వెయ్యాలో కొలుస్తున్నాడు. కాండో కొనేటప్పుడు స్టేటస్ సర్టిఫికెట్ అని ఒకటి తెప్పించుకోవాలి. చట్టం ప్రకారం వంద డాలర్లకు మించకుండా ఫీజు తీసుకుని, పది రోజుల్లో ఇవ్వాలి. దాన్ని లాయర్ చూసి సరేనంటేనే కొంటామన్న షరతు మీద ఆఫర్ పెట్టాం. వచ్చిన కట్టలో బిల్డింగ్ బడ్జెట్, రూల్స్, ఇన్సూరెన్స్, చివర్లో రిజర్వ్ ఫండ్ స్టడీ. రిజర్వ్ ఫండ్ అంటే రేపటి పెద్ద రిపేర్ల కోసం అందరి దగ్గరా వసూలు చేసి దాచే సొమ్ము. పార్కింగ్ గ్యారేజీ పైకప్పుకి వాటర్‌ప్రూఫింగ్ రెండేళ్లలో చేయించాలని ఒక పేజీలో ఉంది. అందుకు కావాల్సిన డబ్బు ఫండ్‌లో లేదని ఇంకో పేజీలో పట్టిక చెప్తోంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. అంటే త్వరలో ప్రతి యూనిట్ మీదా స్పెషల్ అసెస్‌మెంట్, అంటే అదనపు వసూలు, పడుతుంది. లాయర్ కూడా అదే చెప్పారు. వాళ్లు వెనక్కి తగ్గారు, నా కమిషన్ పోయింది. ఆరు నెలల తర్వాత వేరే ఏజెంట్ దగ్గర టౌన్‌హౌస్ కొన్నారు, గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. వెళ్లి పులిహోర తిని వచ్చాను, ఏం చేస్తాం.

ఆ రెండు పేజీలు కలిపి చదవడం నాకు లైసెన్స్ కోర్సు నేర్పలేదు. డిప్లొమాలో రెండో సెమిస్టర్ అకౌంటింగ్ టీచర్ నేర్పింది. బిజినెస్ చదువు పనికిరాదని నేను అనడం లేదు, అది గమనించు. అకౌంటింగ్, బిజినెస్ లా, ఎక్సెల్ ఈ మూడూ రోజూ వాడతాను. మార్కెటింగ్ సిద్ధాంతాలు మర్చిపోయాను.

అన్నట్టు, మొదటి సెమిస్టర్‌లోనే ఒక దెబ్బ తిన్నాను. మనకి రికార్డు రాయడమంటే సీనియర్ రికార్డు తెచ్చుకుని దించడమే కదా. అదే చేత్తో ఒక మార్కెటింగ్ అసైన్‌మెంట్‌లో కంపెనీ వెబ్‌సైట్ లోంచి రెండు పేరాలు ఎత్తి పెట్టాను. సున్నా వేశారు, పైగా ఫైల్‌లో ఒక ఉత్తరం చేరింది. ఇంకోసారి జరిగితే కోర్సులో ఫెయిల్. ఎక్కణ్నుంచి తీసుకున్నామో రాస్తే ఆ రెండు పేరాలే మార్కులు తెచ్చేవి. గ్రూప్ ప్రాజెక్టులు అంతకంటే పెద్ద టెన్షన్. నలుగురిలో ఒకడు చివరి రోజు దాకా ఫోన్ ఎత్తడు, ఆ ఒకడు మన ఊరివాడే అవుతాడు.

ఇక చెల్లి సంగతి. సోషల్ సైన్సెస్ అంటే మనింట్లో "ఇంజనీరింగ్ సీటు రానివాళ్లు చదివేది" అనే మాట ఒకటుంది. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒంటారియో కాలేజీ డిప్లొమాల్లో జనరల్ ఎడ్యుకేషన్ కింద బయటి సబ్జెక్టులు కూడా తీసుకోవాలి. నా గోడౌన్ షిఫ్టుకి సరిపోయే టైమ్ అదొక్కటే అని సోషియాలజీలో చేరాను. మొదటి రోజు ఆ మేడమ్ పాఠానికి ముందు, మనం కూర్చున్న ఈ నేల ఫలానా ఆదివాసీ జాతులదని ఒక పేరా చదివారు. మన స్కూల్లో ప్రార్థనలాంటిది కాబోలనుకుని లేచి నిలబడబోయాను.

కొన్ని వారాలకి ఆవిడ టొరంటో నేల కథ చెప్పారు. 1787లో బ్రిటిష్ వాళ్లు మిసిసాగా జాతి దగ్గర ఆ భూమి కొన్నామన్నారు. కానీ తర్వాత దస్తావేజు తీసి చూస్తే అందులో ఏ భూమో, ఎంతో రాయలేదు. ఖాళీ. పెద్దల గుర్తులు వేరే కాగితం మీద వేయించి దానికి అతికించారు. తప్పు దొరికిపోతుందని 1805లో మళ్లీ రాయించారు, ఈసారి 10 షిల్లింగులిచ్చి 2,50,830 ఎకరాలు. 2010లో కెనడా ప్రభుత్వం ఆ జాతికి 14.5 కోట్ల డాలర్లు ఇచ్చి ఆ దావా పరిష్కరించుకుంది. క్లాసులో అందరూ ఆశ్చర్యపోతున్నారు. నేను మాత్రం మా తాతగారి ఊళ్లో సాదా బైనామా గొడవలు గుర్తు చేసుకుంటున్నాను. తెల్ల కాగితం మీద వేలిముద్ర అంటే మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

ఐదేళ్ల తర్వాత లైసెన్స్ కోర్సులో టైటిల్ పాఠం వచ్చింది. ఒంటారియోలో 1885 నుంచి ల్యాండ్ టైటిల్స్ పద్ధతి ఉంది, అంటే రిజిస్టర్‌లో నీ పేరుంటే హక్కుకి ప్రభుత్వమే హామీ. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు డాక్యుమెంట్‌ని నమోదు చేస్తుందే తప్ప హక్కుకి హామీ ఇవ్వదు. ఏపీలో టైటిలింగ్ చట్టం తెచ్చి, 2024లో రద్దు చేయడం దాకా జరిగిన రచ్చ మీ నాన్నగారికి బాగా తెలిసే ఉంటుంది. ఇక్కడ లింక్ డాక్యుమెంట్లు వెనక్కి పట్టుకుపోతే చివర దొరికేది రాజుగారి పేరుతో ఇచ్చిన పట్టా, క్రౌన్ పేటెంట్. పాఠం అక్కడితో ఆపేశారు. దానికి ముందు ఏముందో నాకు సోషియాలజీ మేడమ్ ఎప్పుడో చెప్పేశారు. భూమి గురించి నాకు తెలిసిన సగం అమ్మకాల క్లాసులోది, సగం ఆవిడ క్లాసులోది.

ఆవిడే ఇంకో పని చేయించారు. ఇల్లు అద్దెకో, లోనుకో కుటుంబ ఆదాయంలో 30 శాతం మించి పోతుంటే అది భరించలేని ఇల్లు అని ఇక్కడి లెక్క. జనాభా లెక్కల పట్టికలు ఇచ్చి, మీరుండే ప్రాంతంలో ఆ గీత దాటిన ఇళ్లు ఎన్నో తీసి రాయమన్నారు. నేనప్పుడు స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురితో ఉంటున్నాను. కిటికీ నేల మట్టానికి ఉండేది, మంచు పడితే మూసుకుపోయేది. లెక్క కట్టుకుంటే నా సంపాదనలో సగానికి పైగా ఆ కిటికీకే పోతోంది. ఇప్పుడు మా బిల్డింగ్‌లో మెయింటెనెన్స్ పెంచాల్సి వచ్చినప్పుడు, బోర్డు మీటింగ్‌లో నేను మొదట తీసేది ఆ లెక్కే.

చెల్లికి దారులు ఇలా ఉన్నాయి. బ్రిటిష్ కొలంబియాలో వాంకూవర్‌లోని లాంగరా, న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లోని డగ్లస్ లాంటి కాలేజీల్లో మొదటి రెండేళ్లు సైకాలజీ, సోషియాలజీ, ఎకనామిక్స్ చదివి, ఆ క్రెడిట్లతో యూబీసీకో సైమన్ ఫ్రేజర్‌కో మారొచ్చు. ఏ కోర్సుకి అవతల ఏ కోర్సు కింద క్రెడిట్ ఇస్తారో బీసీ ట్రాన్స్‌ఫర్ గైడ్ అనే సైట్‌లో ఒక్కొక్కటిగా ఉంటుంది. కాలేజీలో క్లాసులు చిన్నవి, ఫీజు కొంత తక్కువ. ఇంటర్ అయి వచ్చిన పిల్లకి ఒక్కసారిగా మూడొందల మంది హాల్లో కూర్చోవడం కంటే అది నయం. రెండేళ్లకి అసోసియేట్ డిగ్రీ ఇస్తారు గానీ, పేరులో డిగ్రీ ఉందని మోసపోవద్దు, అది బ్యాచిలర్స్ కాదు. నాలుగేళ్లూ పూర్తి చేయాల్సిందే. కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారేటప్పుడు కొత్త స్టడీ పర్మిట్ కూడా తీసుకోవాలి, 2024 నవంబర్ నుంచి ఈ రూల్ వచ్చింది. ఇంకోటి, సైకాలజీ బీఏతో ఎవరూ సైకాలజిస్ట్ అవ్వరు. దానికి ఆ పైన ఏళ్ల తరబడి చదువుంది. సీటు తీసుకునే ముందే ఈ మాట చెల్లికి చెప్పు.

పని దొరికే చదువే కావాలంటే సోషల్ సర్వీస్ వర్కర్, ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ డిప్లొమాలు ఉన్నాయి. రెండోదాన్ని ఈసీఈ అంటారు, చిన్నపిల్లల డేకేర్ టీచర్లు. 2025లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి పీఆర్‌కి పిలిచే పద్ధతి) ఎడ్యుకేషన్ కేటగిరీ పెట్టి వీళ్లని కూడా చేర్చారు. ఒంటారియోలో ఈ పని చేయాలంటే "కాలేజ్ ఆఫ్ ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్స్"లో రిజిస్టర్ అవ్వాలి. అది చదువు చెప్పే కాలేజీ కాదు, మన మెడికల్ కౌన్సిల్ లాంటిది. కాలేజీ అనే మాటకి ఇది మూడో అర్థం! ఒక్కటే హెచ్చరిక, పీఆర్ కోసమని పిల్లలంటే ఓపిక లేనివాళ్లు ఇందులోకి రావద్దు. ఎనిమిది మంది రెండేళ్ల పిల్లలకి స్నో ప్యాంట్లు తొడిగి, తీరా అందరూ సిద్ధమయ్యాక ఒకరు బాత్రూమ్ అంటే నవ్వగలిగినవాళ్లకే ఆ ఉద్యోగం.

డబ్బు. ఫీజు, టికెట్టు కాకుండా ఒక మనిషికి 22,895 డాలర్లు చూపించాలి, ఇది 2025 సెప్టెంబర్ నుంచి ఉన్న అంకె. డాలరు 60 రూపాయల పైనే కాబట్టి సుమారు 14 లక్షలు. దాని పైన ట్యూషన్ ఫీజు. మీరిద్దరు, కాబట్టి అన్నీ రెండింతలు. "పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టుకుంటాడు" అని నాన్నగారికి ఎవరైనా చెప్తే ఈ లెక్క చూపించు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ బయట వారానికి 24 గంటలే పని చేయాలి. ఒంటారియోలో కనీస వేతనం గంటకి 17.60 డాలర్లు. వారానికి 422, అంటే నెలకి 1,800 దాకా, అదీ అన్ని వారాలూ పని దొరికితే. గది అద్దె, బస్ పాస్, ఫోన్, తిండి పోను ఫీజుకి ఏం మిగులుతుందో నువ్వే చూడు. నేను చదివిన రెండేళ్లలో నా జీతం ఒక్క సెమిస్టర్ ఫీజుకి కూడా చాలలేదు.

అద్దె గురించి ఒక ముక్క. ఒంటారియోలో ఇంటి యజమాని నీ దగ్గర చివరి నెల అద్దె తప్ప వేరే సెక్యూరిటీ డిపాజిట్ తీసుకోకూడదు. నేను దిగిన మొదటి ఇంట్లో మూడు నెలల డిపాజిట్ తీసుకుని, ఖాళీ చేసేటప్పుడు కార్పెట్ మరక చూపించి ఎగ్గొట్టారు. ఆయనా తెలుగాయనే. చట్టం అప్పుడు నాకు తెలియదు.

ఇక స్థలం. ఇద్దరినీ ఒకేసారి పంపడానికి అమ్మొద్దని నాన్నగారికి నా మాటగా చెప్పు. నువ్వు ఇండియాలోనే మాస్టర్స్‌లో చేరు. వ్యాపారంలో నాన్నగారి వెంట రెండేళ్లు తిరుగు, అగ్రిమెంట్లు నీ చేత్తో రాయి. చెల్లికి నిజంగా ఆ సబ్జెక్టు మీద ఇష్టముంటే ముందు తనని పంపే ఆలోచన చేయండి, నాలుగేళ్ల డిగ్రీకే. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇప్పటికే కట్టేసి ఉంటే రసీదు జాగ్రత్తగా పెట్టుకుని, వాళ్లు చెప్పిన కోర్సు పూర్తి పేరు, కాలేజీ, క్యాంపస్ ఏ ఊళ్లో ఉందో ఇక్కడ రాయి. కాలేజీకి పంపాల్సిన మెయిల్ నేను రాసిస్తాను. జవాబు వచ్చేదాకా ఫీజు కట్టొద్దు, స్థలానికి బేరం కూడా పెట్టొద్దు.